పాతాళజలమునకు పటము, పద్దు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



రజతోత్సవ సభ గనుక ఏదేని కావ్యమును గూర్చి నాలుగు మాటలు చెప్పుమని మిత్రులు కోరిరి. కావ్యప్రసంగము నాకును ప్రియమైనదే. కాని చొప్పదండి చుట్టుపట్ల ఏ గచ్చుమీద నలుగురు చేరినను మొదట వినబడు ప్రశ్న కావ్యమును గూర్చినది కాదు. “బోరు పడ్డదా? ఎన్ని ఇంచుల నీళ్ళు?” అనునదే ఆ ప్రశ్న. పడిన ఇంట పండుగ. పడని ఇంట అప్పు. ఒక బోరు ఎండినదని రెండవది, రెండవది ఎండినదని మూడవది వేసి, తుదకు ఆ బోర్లు వేసిన చేనునే అమ్ముకొనిన కుటుంబములను మనమందరము ఎరుగుదుము. ఆ ప్రశ్నకు ఉపయోగపడు సాధనమొకటి మన దేశమున సిద్ధమై యున్నది. అది భూగర్భజల పటము. ఆకాశమునుండి తీసిన చిత్రములను, నేలపై చేసిన పరిశీలనలను జతపరచి దానిని వ్రాసిరి. పుస్తకమువలెనే దానిని గూడ చదువ నేర్వవలెను. చదువ నేర్పుట గ్రంథాలయ ధర్మము గనుక ఈ విషయమును ఈ వేదికపై చెప్ప సాహసించితిని.

మన గడ్డకు జలవిచారము క్రొత్తది కాదు. గంగాధర మండలములోని కురిక్యాల చెంత బొమ్మలమ్మగుట్టపై పదవ శతాబ్దినాటి శాసనమొకటి కలదు. కన్నడ ఆదికవి యని ప్రసిద్ధి గాంచిన పంపకవి తమ్ముడు జినవల్లభుడు దానిని వేయించెను. సంస్కృతము, కన్నడము, తెలుగు అను మూడు భాషలలో నున్న ఆ శాసనమున తెలుగు కందపద్యములుండుటచే సాహిత్య చరిత్రకారులు దానిని మిక్కిలి గౌరవింతురు. కందపద్యమును చూచి పొంగిపోవు మనము అందలి మరియొక సంగతిని మరచుచున్నాము. జినవల్లభుడు అచట బసదిని, తోటను మాత్రమే గాక చెరువును గూడ నిర్మింపజేసి, దానికి అన్నగారి బిరుదమైన కవితాగుణార్ణవమను పేరు పెట్టెను. కవిత్వమును చెరువును ఒక్క శిలపై వ్రాసికొనిన ప్రాంతము మనది.

భూగర్భజలమును గూర్చియు పూర్వులు ఆలోచించిరి. ఆరవ శతాబ్దివాడైన వరాహమిహిరుడు తన బృహత్సంహితలో దకార్గళమను ఒక అధ్యాయమును ఈ విషయమునకే కేటాయించెను. ఏ చెట్టునకు ఏ దిక్కున పుట్ట యుండిన ఎన్ని పురుషప్రమాణముల లోతున నీరుండును, మట్టి రంగేమి, రాతి జాతియేమి, త్రవ్వునపుడు మొదట కనబడు గుర్తేమి యని అందు వివరించెను. దేహమున రక్తనాళములవలె నేలలో నీటి సిరలు కొన్ని మీదుగను కొన్ని క్రిందుగను పారుననియు, ఆకాశమునుండి ఒకే రుచితో దిగిన నీరు నేలభేదముచే పలు రుచులు పొందుననియు ఆయన అభిప్రాయము. అందలి ప్రతి గుర్తును నేడు ప్రమాణముగా గ్రహింప నక్కరలేదు. గ్రహింపదగినది ఆ పద్ధతి. కంటికి కానరాని నీటిని, కంటికి కనబడు చెట్టు, పుట్ట, రాయి, మట్టి అను ఆనవాళ్ళచే ఊహించుటయే ఆ పద్ధతి.

నేటి ఉపగ్రహము చేయునదియు ఇదియే. ఆకాశమునుండి తీసిన చిత్రమున నేలలోని నీరు అద్దములోవలె కనబడునని కొందరు భ్రమపడుదురు. అట్లు కనబడదు. ఉపగ్రహము చూచునది నేలపై భాగమును మాత్రమే. గుట్ట, లోయ, వాగు మలుపు, చెట్ల వరుస, పంటల పచ్చదనము, రాతి గట్టు, ఇవి దానికి కనబడును. వాటిని బట్టి లోపలి సంగతిని ఊహించువాడు మనుష్యుడే. దీనినే రిమోట్ సెన్సింగ్, అనగా దూరమునుండి పరిశీలించుట, అందురు.

ఆ ఊహ ఎట్లు నిలుచునో తెలియుటకు మన నేల కడుపులోనికి ఒక్కసారి చూడవలెను. ఉత్తరమున గోదావరి ఒడ్డున రామగుండము, మంథని ప్రాంతములలో బొగ్గుతోబాటు ఇసుకరాయి యున్నది. ఇసుకరాయి రేణువుల నడుమ నీరు నిలుచును. మన చొప్పదండి వైపు నేల ప్రధానముగా గ్రానైటు జాతి రాయి. గట్టి గ్రానైటులో నీటికి చోటు లేదు. యుగములనుండి ఎండకు వానకు పైభాగము చివికి మొరమైనచోట నీరు నిలుచును. దానికి దిగువ బండ పగిలినచోట నీరు కదలును. పాత మోటబావులు ఆ మొరములోనే నీరు పొందినవి. బోరు ఆ పగుళ్ళకొరకు దిగును. బోరుబండివారు “గ్యాపు తగిలింది” అనునది ఆ పగులునే.

ఎంత లోతు దిగిన అంత నీరు దొరకునని పలువురి నమ్మకము. హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థవారును ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞులును కలిసి రంగారెడ్డి జిల్లా మహేశ్వరము చెంత గ్రానైటు నేలలలో చాలకాలము పరిశీలనలు జరిపిరి. అచట నీరిచ్చు పగుళ్ళు ముఖ్యముగా పై 35, 40 మీటర్లలోనే యున్నట్లును, లోతు పెరిగినకొలది అవి తగ్గినట్లును తేలెను. ఈ కొలత చోటునుబట్టి మారును. అక్కడక్కడ లోతైన పగులు తగులుటయు కలదు. కాని సామాన్యముగా గ్రానైటులో ప్రతి అదనపు వంద అడుగులకును ఖర్చు నిశ్చయము, నీరు సందేహము.

ఇంకొక సంగతి. భూగర్భజలమును అంచనా వేయుటకు 1997లో ప్రభుత్వ సంఘము నిర్ణయించిన లెక్కల ప్రకారము చివికిన గ్రానైటు నేల నూరు పాళ్ళలో బావికి విడుచు నీరు ఒకటిన్నర మొదలు మూడు పాళ్ళు మాత్రమే. అందుచేతనే ఒక మంచి ముసురునకు బావిలో నీరు గజములకొలది లేచును. కొన్నివారములు మోటార్లు నడచిన గజములకొలది దిగును. లేచినపుడు గొప్ప ఐశ్వర్యము వచ్చినదనుకొనరాదు. సన్నని గొట్టములో చెంబెడు నీరు పోసినను మట్టము ఎంతో పైకి వచ్చునుగదా!

ఇక పటమెట్లు తయారైనదో వినుడు. 1974లో హైదరాబాదున ఏర్పడిన జాతీయ రిమోట్ సెన్సింగ్ సంస్థ 2008 నుండి ఇస్రోలో భాగమై, జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రమను పేరుతో పనిచేయుచున్నది. 1986లో తాగునీటి సాంకేతిక మిషను మొదలైన పిమ్మట, అంతరిక్ష శాఖవారు దేశమంతటికి జిల్లాలవారీగా పటములు వ్రాసిరి. వాటిలో ఒక సెంటీమీటరు నేలమీద రెండున్నర కిలోమీటర్లకు సమానము. 1988 మార్చి 17న అప్పటి సోవియట్ దేశములోని బైకనూరు నుండి నిత్యసేవకు ఉద్దేశించిన మన తొలి దూరపరిశీలక ఉపగ్రహము ఐ.ఆర్.ఎస్. 1ఎ పైకెగసెను. దాని కెమెరాలలో ఒకదానికి 72.5 మీటర్ల చదరము ఒక్క చుక్క. మన లెక్కలో అది ఒక ఎకరము పన్నెండు గుంటలు. అంతకన్న చిన్నది దానికి విడిగా కనబడదు. 1995 డిసెంబరులో వెళ్ళిన ఐ.ఆర్.ఎస్. 1సి యొక్క ఒక కెమెరాకు చుక్క 23.5 మీటర్లు, అనగా ఐదున్నర గుంటలు. చూపు ఇట్లు పదునెక్కిన తరువాత, 1999 నుండి తాగునీటి మిషను పక్షమున మరింత వివరమైన పటములు వ్రాయ మొదలిడిరి. వీటిలో ఒక సెంటీమీటరు అర కిలోమీటరు. నాటి ఆంధ్రప్రదేశ్ తొలివిడత రాష్ట్రములలో ఒకటి యగుటచే మన కరీంనగరు ప్రాంతమునకును ఈ పని అప్పుడే చేరినది. భువన్ అను ఇస్రో వారి పటశాలలో భూజల్ అను విభాగమున ఈ పటములను చూడవచ్చును.

ఆ చిత్రములలో రంగులు మన కంటి రంగులు కావు. ఆకు మన కంటికి ఆనని ఒకజాతి కాంతిని అధికముగా వెనుకకు విసరును. ఆ కాంతిని చిత్రమున ఎరుపుగా చూపుదురు. కావున పచ్చని పైరు ఎర్రగను, నిలిచిన నీరు నల్లగను లేక నీలముగను కనబడును. నడివేసవి చిత్రమున, చుట్టును ఎండిన చెల్కల నడుమ, ఎర్రని సన్నని చారయొకటి తిన్నగా సాగినచో అచట నేలలో తేమ యున్నదని శాస్త్రజ్ఞుడు అనుమానించును. వంకరగా పారవలసిన ఒర్రె ఒకచోట గీత గీసినట్లు తిన్నగా పారినచో దాని క్రింద బండ పగిలియుండునని ఊహించును. మన ప్రాంతమున నేల నిలువునా చీల్చుకొని వచ్చిన నల్లరాతి గట్లు కలవు. అట్టి గట్టు నీటి నడకకు అడ్డముగా నున్నచో నేలలోపలి కట్టవలె పనిచేసి ఎగువవైపున నీటిని నిలుపవచ్చును. దిగువవాని బోరు ఎండి ఎగువవాని బోరు పోయుట పలుచోట్ల వాని అదృష్టముచే గాదు, ఈ నల్లరాతి గట్టుచేతనే.

ఈ గుర్తులన్నిటిని ఒకచోట చేర్చు యంత్రవిద్యకు భౌగోళిక సమాచార వ్యవస్థ యని పేరు. పేరు పెద్దదైనను సంగతి మనకు పరిచితమే. గ్రామనక్షాలో సర్వే నంబరు చూచి, దానికి సంబంధించిన పహాణీ తీసి, పట్టాదారెవరు, భూమి ఎంత, నేల ఏ రకము, పంట ఏది యని చూచుచుందుము. నక్షాకు పహాణీ అంటుకొని యున్నట్లుగా పటమునకు లెక్కలపుస్తకము అంటుకొని యుండుటయే ఈ వ్యవస్థ. రాతి పటమొకటి, భూస్వరూపపు పటమొకటి, పగుళ్ళదొకటి, చెరువులు కాలువలు వాగులదొకటి, వాలుదొకటి. పలుచని కాగితములవలె వీటిని ఒకదానిపై నొకటి పరచి, అన్నిటికిని ఉమ్మడిగా అనుకూలమైన చోటును వెదకుదురు. కొందరు పరిశోధకులు ఒక్కొక్క అంశమునకు ఇన్ని మార్కులని నిర్ణయించి, కూడి, మంచి మధ్యమ అధమ శ్రేణులుగా విభజింతురు. మార్కులు వేయువాడు మనుష్యుడే గనుక వేరొకడు వేరుగా వేయవచ్చును. అందుచే అట్టి పటమును నేలమీదనున్న నిజమైన బావులతో సరిచూడక నమ్మరాదు. మిషను పటములను వ్రాసినవారు ఆ బావులను పరిశీలించియే ఏ మండలమున ఏ రకపు బావి తగును, ఎంత లోతు కావలెను, ఎంత నీరు రావచ్చును, ఎన్నింటికి ఎన్ని ఫలించును, నీరు ఇంకించుటకు ఎట్టి కట్టడము మేలు అను విషయములు గూడ చేర్చిరి.

ఎన్నింటికి ఎన్ని ఫలించును అను మాటను మీరు ప్రత్యేకముగా గమనింపవలెనని నా ప్రార్థన. కొబ్బరికాయతోనో వేపపుల్లతోనో జల చూచువారిని పరిహసించుట నా ఉద్దేశము కాదు. వారిలో పలువురు ఊరి నేలను ఏండ్లతరబడి తిరిగి చూచినవారే. కాని వారి విద్యకు పద్దు లేదు. తగిలిన బోరు పేరు ఊరంతయు చెప్పుకొందురు. తగలని బోరు ఏ పుస్తకమునను ఎక్కదు. జమ మాత్రమే వ్రాసి ఖర్చు వ్రాయని చిట్టాలో ప్రతివాడును లక్షాధికారియే! శాస్త్రమునకు గౌరవము తగులుటచే రాలేదు, తగలనిదానిని గూడ వ్రాయుటచే వచ్చినది.

పటమును గౌరవించువారము దాని హద్దులను గూడ ఎరుగవలెను. అవి మూడు. మొదటిది కొలత. అర కిలోమీటరు ఒక సెంటీమీటరైన పటమున పెన్సిలు గీత వెడల్పు అర మిల్లీమీటరైనను నేలమీద అది 25 మీటర్లు. కనుక పటము ఏ దిక్కున, ఏ చేను వైపు వెదకవలెనో చెప్పును గాని గడ్డపార ఎక్కడ దించవలెనో చెప్పదు. అందుకు చేనిలో కడ్డీలు పాతి విద్యుత్తు పంపి, నేల ఎంత అడ్డగించునో కొలుచు పరీక్ష అవసరము. రెండవది కాలము. పటము వ్రాసిన తరువాత నేల మారును. 1963 జూలై 26న నెహ్రూగారు శంకుస్థాపన చేసిన శ్రీరాంసాగర్ నుండి కాకతీయ కాలువ వచ్చి మన బావుల స్వభావమును మార్చినది. 2019లో మన పొరుగు రామడుగు మండలము లక్ష్మీపూరు చెంత భూగర్భమున ఒక్కొక్కటి 139 మెగావాట్ల మోటార్లు ఏడింటితో పంపుహౌసు నడచినది. కాలువ పారిన యేడు ఒక లెక్క, పారని యేడు మరియొక లెక్క. మూడవ హద్దు అన్నిటికన్న ముఖ్యమైనది. పటము నీరు ఎక్కడ నుండవచ్చునో చెప్పును. ఎంత తోడవచ్చునో ఏటేట చెప్పజాలదు. పెట్టె ఎక్కడ నున్నదో తెలిసినంత మాత్రమున అందులో ఎంత సొమ్మున్నదో తెలిసినట్లు కాదు.

ఆ లెక్కను మనమే వేయవలెను. ఒక ఎకరముపై ఒక మిల్లీమీటరు వాన కురిసిన నాలుగువేల లీటర్ల పైచిలుకు నీరగును. సంవత్సరమున 900 మిల్లీమీటర్లు కురిసినదనుకొందము. అది 36 లక్షల లీటర్లు. చివికిన గ్రానైటు నేలలో వాన నూటికి ఎనిమిది మొదలు పదునొకండు పాళ్ళు మాత్రమే భూగర్భమునకు చేరునని ప్రభుత్వ లెక్క. పదవవంతు అనుకొనిన మూడు లక్షల అరువది వేల లీటర్లు. ఇది జమ. యాసంగిలో ఎకరము వరికి 1200 మిల్లీమీటర్ల నీరు పెట్టితిమనిన 48 లక్షల లీటర్లు. ఇది ఖర్చు. అనగా బావి క్రింద ఒక ఎకరము యాసంగి వరి పండుటకు పదమూడు ఎకరముల వాన జమ కావలెను. వరిమడినుండి కొంత నీరు తిరిగి ఇంకునను మాట నిజమే. సగము తిరిగి వచ్చినదనుకొనినను ఏడు ఎకరముల జమ కావలెను. అదే మొక్కజొన్నకు 500 మిల్లీమీటర్లు చాలిన, తిరిగి ఇంకునది లెక్కింపకయే ఐదారు ఎకరముల జమతో సరి. మిగిలిన నీరు చెరువునుండియో కాలువనుండియో రాక తప్పదు. రానిచో అది రేపటి ఏటి నిలువనుండి, లేదా పొరుగువాని బావినుండి తీసిన అప్పు. కడప ప్రాంతములోని పోరుమామిళ్ళ చెరువు శాసనము 1369వ సంవత్సరమునాటిది. చెరువునకు ఉండదగని దోషములను పేర్కొనుచు, నీరు కొంచెము, పారవలసిన భూమి విస్తారము అగుటను అందు ఒక దోషముగా చెప్పిరి. ఆరువందల యేండ్లనాటి ఆ హెచ్చరిక మన బోర్లకు చక్కగా అన్వయించును.

రైతులే ఈ పద్దు వ్రాసికొనగలరా యని మీరు సందేహింపవచ్చును. వ్రాసిరి. 2003 మొదలు 2009 వరకు ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో నాటి ఆంధ్రప్రదేశ్‌లో రైతుల యాజమాన్యమున భూగర్భజల పథకమొకటి నడచినది. అనంతపురము, చిత్తూరు, కడప, కర్నూలు, మహబూబ్‌నగరు, నల్లగొండ, ప్రకాశము అను ఏడు జిల్లాలలో స్త్రీ పురుషులు వానను, బావిమట్టమును స్వయముగా కొలిచి, యాసంగికి ముందు సభ చేరి, ఊరి నీటి జమాఖర్చును అందరియెదుట వ్రాసిరి. ఫలాని పంట వేయరాదని వారిని ఎవరును శాసింపలేదు. లెక్క చూచి పలువురు తామే వరి తగ్గించిరి. శాసనముచే కానిది కొన్నిచోట్ల పద్దుచే అయినది. మన జిల్లా ఆ ఏడింటిలో లేదు. ఐనను నేర్చుటకు అడ్డమేమి?

కావున ఈ రజతోత్సవ సందర్భమున కార్యవర్గమువారికి మూడు విన్నపములు చేయుచున్నాను. మన మండలమునకు సంబంధించిన భూగర్భజల పటమును పెద్ద ప్రతిగా తీయించి, తెలుగులో వివరములు వ్రాసి ఈ గోడకు తగిలించవలెను. రెండవది, బావుల పుస్తకమొకటి తెరువవలెను. సర్వే నంబరు, బోరు వేసిన సంవత్సరము, మొత్తము లోతు, కేసింగు ఎన్ని అడుగులు, నీరు తగిలిన లోతు, వచ్చిన ఇంచులు, నేటి స్థితి, ఇవి అందు ఉండవలెను. తగలని బోరును తప్పక వ్రాయవలెను, మూత వేసినదో లేదో గూడ వ్రాయవలెను. మూతలేని బోరు పసిపిల్లల ప్రాణములకు ఎంతటి అపాయమో వేరుగ చెప్పనక్కరలేదు. 2002లో వచ్చిన నీరు, భూమి, చెట్ల చట్టము బావులను నమోదు చేయవలెనని ఆదేశించినది. ప్రభుత్వ నమోదు ప్రభుత్వమునకు. ఈ పుస్తకము మనకు. మూడవది, వాన కొలుచు గిన్నె యొకటి ఇచట నెలకొల్పి, పది బావులను ఎన్నుకొని, పదునైదు దినములకొకసారి మట్టము కొలిచి నల్లబల్లపై వ్రాయవలెను. ఈ పని బడిపిల్లలు చక్కగా చేయగలరు.

దీనికి కావలసిన ఖర్చు ఒక విఫలమైన బోరు ఖర్చులో స్వల్పభాగము. ఎవరును తన బోరు సంగతి దాచుకొనకుండుట మాత్రము ముఖ్యము. ఒకని చేనిలో ఎండిన బోరు పొరుగువానికి పాఠము. ఆ పాఠమునకు మొదటివాడు ఇదివరకే రుసుము చెల్లించియున్నాడు. దానిని పుస్తకమున కెక్కింపనిచో ఆ రుసుమును ప్రతి ఇల్లును మరల మరల చెల్లించవలసివచ్చును.

ఈ గ్రంథాలయమునకు మరి ఇరువదియైదేండ్లకు స్వర్ణోత్సవము జరుగును. ఆనాడు మన పిల్లలు ఈ బీరువాలలో కావ్యములతోబాటు ఊరి నీటి పద్దును గూడ తీసి చదువుకొందురుగాక యని ఆకాంక్షించుచున్నాను.